గ్లాసు మీద చెయ్యి

2011 అక్టోబరు 13, గురువారం. మధ్యాహ్నం రెండుంపావుకు, మూడింటికి మధ్య గోదావరిఖని అడ్డగుంటపల్లిలోని కేబుల్ టీవీ కంట్రోల్ రూములో లింగమూర్తి అనే వ్యక్తిని ఎవరో చంపారు. వయసు యాభై రెండు. తల వెనక ఒకే దెబ్బ. కొట్టిన స్పానరు శవం పక్కనే పడి ఉంది. బొగ్గు గనుల్లో సమ్మె మొదలై అప్పటికి నెల.

రెండుంపావుకు అతను భార్య సారవ్వతో ఫోన్లో మాట్లాడాడు. మూడింటికి ఆమె అన్నం గిన్నె పట్టుకుని వచ్చి చూసింది.

‘ఖనివాణి’ అనే లోకల్ చానల్‌కు లింగమూర్తి సగం యజమాని. మిగతా సగం సదానందానిది. హత్య జరిగిన మూడో రోజు స్థానిక సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కొమురెల్లి, చానల్ లైన్‌మన్ ఆసిఫ్‌ను విచారణకని తీసుకెళ్లి స్టేషన్లోనే ఉంచాడు. ఆరో రోజు సారవ్వ కరీంనగర్ వెళ్లి ఎస్పీకి అర్జీ ఇచ్చింది. తన భర్తను ఆసిఫ్ చంపలేదని అందులో రాయించింది. మరునాడు, అంటే అక్టోబరు 19 బుధవారం ఉదయం, జిల్లా క్రైం బ్రాంచి ఇన్‌స్పెక్టర్ జమున గోదావరిఖని స్టేషన్లో జీపు దిగింది.

స్టేషన్ మెట్ల మీద ఆసిఫ్ తల్లి కుబ్రా బేగం కూర్చుని ఉంది. జమునను చూసి లేచింది. మళ్లీ కూర్చుంది.

“కూసోండ్రి మేడం, చాయ్ తాగుండ్రి. కేసైతే అయిపోయింది,” అన్నాడు కొమురెల్లి.

“అయిపోతే నన్నెందుకు పంపుతరు?”

“పెద్ద సార్లకు పొద్దువోవాలె గద.”

జమున నోట్‌బుక్కు తెరిచింది. ఆసిఫ్ మీద ఏముందో చెప్పమంది. కొమురెల్లి వేళ్లు మడిచాడు. స్పానరు ఆసిఫ్‌ది. హత్యకు రెండు రోజుల ముందు బజారులో లింగమూర్తితో గొడవ పడ్డాడు. ఆ రోజు ఒంటిగంటన్నరకు కంట్రోల్ రూము గల్లీలో అతన్ని ఇద్దరు చూశారు.

“గొడవ దేని మీద?”

“హైదరాబాద్ కంపెనీ ఒకటి ఈ కేబుల్ కొననీకె వస్తుంది. ఇగ ఇంటింటికి సెట్‌టాప్ డబ్బాలు, డిజిటలు. వైర్లు, ఆంప్లిఫైర్లు చూసేటోళ్ల పని ఖతం. నౌకరి పోతదని పోరడు తిరగబడ్డడు. రేపు నాలుగు గంటలకు జడ్జి ముందల పెడుత.”

“సదానందం ఎక్కడున్నడు ఆ టైముకు?”

“టీవీల ఉన్నడు.”

“అంటే?”

“రెండింటి నుంచి మూడింటి దాంక ‘మీ పాట’ లైవ్. ఖని మొత్తం చూసింది. మా ఇంట్ల మా అత్త చూసింది. ఇంకేం సాక్ష్యం గావాలె మీకు?”

సొరుగులోంచి ఆ ప్రసారం రికార్డు చేసిన సీడీ తీశాడు. సదానందమే తెచ్చి ఇచ్చాడని చెప్పాడు. జమున దాన్ని కంప్యూటర్లో పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూసింది. నీలం చొక్కా వేసుకున్న సదానందం బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఒక ఫోను, ఒక చాయ్ గ్లాసు. కింద పట్టీలో ‘లైవ్’ అన్న అక్షరాలు, 13వ తేదీ, నడుస్తున్న గడియారం. ఫోన్లు చేసినవాళ్లు అయిదుగురు. ఒక్కొక్కరు ఒక్కో పాట అడిగారు. మధ్యలో పాటలు వచ్చాయి. స్టూడియో లక్ష్మీనగర్‌లో ఉంది. అక్కడి నుంచి కంట్రోల్ రూముకు బండి మీద పది నిమిషాలు పడుతుంది. పాట నాలుగు నిమిషాలకు మించదు. ఆ వ్యవధిలో వెళ్లి రావడం కుదరదు.

సీడీలో ఆమెకు ఏమీ కనిపించలేదు.

ఆసిఫ్ వెనక గదిలో ఉన్నాడు. కుడి చెయ్యి వాచి ఉంది. ఎందుకు వాచిందని జమున అడగలేదు. అతనూ చెప్పలేదు.

“స్పానరు నీదేనా?”

“నాదే మేడం. ఎప్పుడు కంట్రోల్ రూముల్నే ఉంటది. నేనేమన్న జేబుల పెట్టుకొని తిరుగుతన?”

“గల్లీకి ఎందుకు పోయినవ్?”

“మూర్తి చాచాను అడుగనీకె. ఇగ నౌకరి ఉన్నట్టా లేనట్టా అని.”

“ఏమన్నడు?”

“డబ్బాల సంతకం పెట్ట, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నడు. రేపు పనిల జేరు అన్నడు.” వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇగ ఆయన్నే నేను కొట్టి సంపిన్నట.”

“తర్వాత ఎటు పోయినవ్?”

“ఇంటికి పోయి పండుకున్న. అమ్మీ సూసింది. అమ్మీ మాట వీళ్లు రాసుకుంటలేరు.”

*

కంట్రోల్ రూము మేడ మీద ఒకే గది. తలుపు తాళం పగలలేదని పంచనామాలో ఉంది. గోడ పొడవునా ఇనుప చట్రాల్లో క్యాసెట్ ప్లేయర్లు పేర్చి ఉన్నాయి. వాటి మీద దుమ్ము. కిటికీ దగ్గర బల్ల మీద ఒక కంప్యూటర్, ముందు ఒక కుర్చీ. లింగమూర్తి ఆ కుర్చీ పక్కన పడి ఉన్నాడు. తెరకేసి చూస్తుండగా వెనక నుంచి దెబ్బ పడింది. తలుపు తీసింది అతనే, కాబట్టి వెనక ఎవరు నిలబడ్డారో అతనికి తెలుసు. అయినా అతను తల తిప్పి చూడలేదు.

చానల్‌లో ఎడిటింగు చేసే సంతోషి అక్కడే ఉంది. ఇరవై ఏడేళ్లుంటాయి. లింగమూర్తి పోయాక కంట్రోల్ రూము కూడా ఆమే చూస్తోంది.

“క్యాసెట్లు వాడుతలేరా?” అని అడిగింది జమున.

“మూడేండ్లాయె మేడం. అప్పుడైతే ఒక మనిషి గీడ కాపలా ఉండాలె. ఒకటి అయిపోంగనే ఇంకోటి పెట్టాలె. ఇప్పుడు పొద్దుగాల వరుస పెట్టిపోతె పొద్దుమీకి దాంక అదే నడుస్తది.”

“మరి లైవు?”

“స్టూడియో నుంచి కేబుల్ వస్తది. ఈ బొమ్మ నొక్కితే స్టూడియో. ఇది నొక్కితే కంప్యూటర్ల ఉన్న ఫైలు.”

“కింద పట్టీ, తేదీ?”

“అవి కంప్యూటరే ఏస్తది మేడం.” సంతోషి మౌసు వదిలి చున్నీ సర్దుకుంది. “ఇంకేమన్న అడుగుతరా? స్టూడియోల కెమెరా కాడ ఉండాలె నేను. రెండు గొడుతుంది.”

జమున ఆమె స్కూటీ వెనకాలే జీపులో లక్ష్మీనగర్ వెళ్లింది.

స్టూడియో అంటే పడక గదికి స్పాంజి అంటించిన ఇల్లు. సదానందం అప్పటికే బల్ల వెనక కూర్చున్నాడు. యాభై దాటలేదు. జుట్టుకు రంగు వేశాడు. జమునను కెమెరా వెనక కుర్చీలో కూర్చోమని సైగ చేశాడు. ఆఫీసు అబ్బాయి ముగ్గురికీ చాయ్ ఇచ్చి వెళ్లాడు. ప్రోగ్రాం మొదలైంది.

రెండూ నలభైకి నేల అదిరింది. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పేలుడు. సమ్మె ముగిసి సోమవారం నుంచి మళ్లీ పేలుస్తున్నారు. సదానందం ఫోన్లో రామకృష్ణాపూర్ మనిషితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మాట ఆపలేదు. పైకప్పు నుంచి రాలే దుమ్ము చాయ్‌లో పడకుండా కుడి అరచేయి గ్లాసు మీద మూసి, రెండు క్షణాలు ఉంచి, తీశాడు. సంతోషి ఒక చేత్తో కెమెరా స్టాండు, ఇంకో చేత్తో తన గ్లాసు పట్టుకుంది.

జమున తన చెయ్యి చూసుకుంది. అది కూడా గ్లాసు మీదే ఉంది. ఆమె రామకృష్ణాపూర్ గని కార్మికుడి కూతురు. కరీంనగర్‌లో స్థిరపడి పదకొండేళ్లయింది. అక్కడ పేలుళ్లు లేవు.

మూడింటికి సంతోషి కెమెరా ఆపింది. జమున బల్ల ముందుకు కుర్చీ జరుపుకుంది.

“హైదరాబాద్ కంపెనీతోని మాట్లాడింది మీరేనా సదానందంగారూ?”

“నేనే మేడం. దాపరికమేముంది? కాలం మారుతుంది. ఇయ్యాల మనం ఇయ్యకపోతె రేపు వాడే గుంజుకుంటడు.”

“లింగమూర్తి ఏమన్నడు?”

“ఆ డబ్బాల నూటయాబై చానళ్లొస్తయి, మన ఖనివాణి ఒక్కటే రాదు అన్నడు. ఆయనకు చానలంటె పానం. చావు కబుర్లు, తప్పిపోయిన పిల్లల ఫొటోలు, కూరగాయల రేట్లు... ఎవడు చూస్తడు మేడం ఇంక? పోరలంత సెల్లుల పాటలు ఎక్కించుకుంటున్నరు.”

“ఆయన సంతకం లేకుండ కంపెనీ తీస్కుంటదా?”

“తీస్కోదు.”

“ఇప్పుడు ఎవరు పెట్టాలె సంతకం?”

“సారవ్వక్క. ఆమెకేం తెలుస్తది, నేను చెప్తె పెడ్తది.” అని, మాట సరిచేసుకున్నాడు. “మంచిగ చెప్తె అంటున్న.”

“పదమూడో తారీకు రెండింటికి ఎక్కడున్నరు?”

సదానందం కెమెరా వైపు వేలు చూపించాడు.

“గింత మంది చూసినంక కూడ అడుగుతరా మేడం? దొంగతనాలు చేసెటోళ్లు చీకట్ల చేస్తరు. నేను లైట్ల కూసున్న.”

*

నాలుగున్నరకు జమున స్టేషన్లో మళ్లీ సీడీ పెట్టింది. ఈసారి సదానందం మొహం చూడలేదు, గ్లాసు చూసింది. గడియారంలో రెండూ ముప్పై ఏడు. సదానందం ఫోన్లో మాట్లాడుతున్నాడు. అతని కుడి అరచేయి గ్లాసు మీద మూసుకుంది. బొమ్మ కొద్దిగా అదిరింది. చెయ్యి వెనక్కి వెళ్లింది. మాట ఆగలేదు.

ఉదయం ఇదే సీడీ ఆమె గంటసేపు చూసింది. కొమురెల్లి రెండుసార్లు చూశానన్నాడు.

ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్ ఆఫీసరుకు ఫోను చేసింది. సమ్మె రోజుల్లో పేల్చారా అని అడిగింది.

“సమ్మెల బ్లాస్టింగ్ ఏడిది మేడం? పేలుడు మందు ముట్టేటోడు లేడు. సెప్టెంబర్ పదమూడు నుంచి మొన్న సోమారం దాంక ఒక్కటి పేల్చలే.”

“చుట్టుపక్కల ఇంక ఎక్కడన్న?”

“ఎక్కడ లేదు. బొగ్గు బెల్టు మొత్తం బంద్.”

ఆమె స్పీకరు పెట్టి ఆ మాటలు కొమురెల్లికి మళ్లీ చెప్పించింది. తర్వాత సీడీ చూపించింది. కొమురెల్లి మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

“అంటే ఏమంటరు?”

“ఇది సమ్మెకు ముందు తీసింది. ఆ రోజు కంప్యూటర్ నుంచి నడిచింది. కింద తేదీ కంప్యూటర్ ఏసింది.”

“గ్లాసు మీద చెయ్యి పెడ్తె ఖూనీ కేసా మేడం? జడ్జి అడుగుతడు, ఇది ఏ సెక్షనమ్మా అని.”

“బొమ్మ అదిరింది.”

“పక్క పొంటి లారీ పోయింది అంటడు వాని వకీలు. ఎవడన్న స్టాండుకు కాలు తాకిచ్చిండు అంటడు.” సీడీ తీసి డబ్బాలో పెట్టాడు. “నా తాన స్పానరుంది. మీ తాన గ్లాసుంది. నోటితోని చెప్పే మనిషిని తేండ్రి. రేపు నాలుగింటి దాంక ఆగుత. గంతకన్న ఒక్క నిమిషం ఆగ.”

“ఆసిఫ్ చెయ్యి డాక్టరుకు చూపెట్టిన్రా?”

“ఏ చెయ్యి?” అన్నాడు కొమురెల్లి.

*

సంతోషి ఫైవింక్లైన్ గని దగ్గర తల్లితో, ఆరేళ్ల కూతురితో ఉంటోంది. జమున ఒక్కతే వెళ్లింది. జీపు మలుపులో ఆపింది. సంతోషి ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“పదమూడో తారీకు నువ్వు కెమెరా కాడ ఉన్నవా?”

సంతోషి గిన్నె మీద మూత పెట్టింది.

“ఆ ప్రోగ్రాం ఎప్పుడు తీసిన్రు?”

“మీకెవలు చెప్పిన్రు?”

“ఎవలు చెప్పలే. ఆ రోజు పేలుడు లేదు. టీవీల ఉన్నది.”

సంతోషి పొయ్యి మంట తగ్గించింది. చెప్పడం మొదలుపెట్టింది.

“ఆగస్టుల తీసినం మేడం. స్టాకు అంటం మేము. సదన్నకు పనుంటె, ఊరికి పోతె నడిపిస్తందుకు మూడు నాలుగు తీసి పెడ్తం. కొత్తవే, ఎవలు చూడనియి. కింద లైవ్ అని ఏస్తం. జనాలకు తెల్వది.”

“ఫోన్లు చేసేటోళ్లు?”

“మేమే. ఆఫీసు అబ్బాయి ఇద్దరు మగోళ్లయితడు. ఆడోళ్లంత నేనే.” గొంతు మార్చి చూపించింది. “హలో సదన్నా, నేను జ్యోతక్కను, గంగానగర్ నుంచి... గిట్ల. జలుబు జేసినట్టు ఒకటి, ముసలామె లెక్క ఒకటి.”

“ఆ రోజు పెట్టిందెవరు?”

“మూర్తి సారే. పొద్దుగాల ఫోన్ చేసిండు నాకు. సదానందం ఇయ్యాల లైవ్ చెయ్యడట, స్టాకు పెట్టుమన్నడు, నువ్వు రావొద్దు, ఇంటికాడ ఉండు అన్నడు. మధ్యాహ్నం సదన్న తన కాడికి వస్తండట, డబ్బాల సంగతి మాట్లాడనీకె.”

“ఆ మాట సార్ చెప్పిండా? సదానందం వస్తడని?”

“చెప్పిండు.”

“కొమురెల్లి సార్‌కు ఎందుకు చెప్పలే?”

“అడుగలే నన్ను. అందరు టీవీల చూసిన్రు గద.” తల వంచుకుంది. “మల్ల సదన్న అన్నడు, కంపెనీ వచ్చినంక నీకు జాగ ఇప్పిస్త, లేకపోతె నువ్వు కూడ రోడ్డు మీదనే అని. పోరి ఉన్నది మేడం నాకు.”

“ఆసిఫ్‌కు తల్లి ఉన్నది.”

సంతోషి పొయ్యి ఆర్పింది.

“రాసిస్త,” అంది చివరికి. “ఇప్పుడు వద్దు. రాత్రి పోలీసు జీపు ఎక్కితె గల్లీ అంత చూస్తది. రేపు పోరిని బడికి పంపి, కంట్రోల్ రూముల వరుస పెట్టి, పన్నెండింటికల్ల స్టేషన్‌కు నేనే వస్త. అమ్మను తీస్కొని వస్త.”

“సదానందానికి చెప్పకు.”

“చెప్ప మేడం.”

జమున ఒప్పుకుంది. ఇంటి దగ్గర మనిషిని పెట్టలేదు.

*

గురువారం పన్నెండింటికి సంతోషి రాలేదు. ఒంటిగంటకు ఫోను స్విచ్చాఫ్ వచ్చింది. జమున ఫైవింక్లైన్‌కు కానిస్టేబుల్‌ను పంపింది. రెండింటికి కొమురెల్లి తన గదిలో టీవీ పెట్టాడు. తెర మీద సదానందం, తెల్ల చొక్కా. కింద పట్టీలో ‘లైవ్’, ఇరవయ్యో తేదీ, గడియారం.

“మీ మనిషి టీవీల ఉన్నడు. పోయి పట్టుకరాండ్రి,” అన్నాడు కొమురెల్లి. బల్ల మీద రిమాండు కాగితాలు సర్దుతున్నాడు. “లైట్ల కూసున్నడు, దొరుకుతడు.”

 సంతోషి ఇంటికి పంపిన కానిస్టేబుల్ ముత్యం ఫోను కోసం జమున చూస్తోంది.

రెండూ తొమ్మిదికి టీవీలో ఫోను మోగింది. సదానందం ఎత్తాడు.

“హలో సదన్నా, నేను జ్యోతక్కను, గంగానగర్ నుంచి.”

“చెప్పక్కా, ఎట్లున్నవ్?”

“మంచిగున్నమన్నా. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి పండుకున్నడు. ఆయన కోసమని పాట అడుగుతున్న.”

జమున లేచి నిలబడింది.

“సౌండు పెంచుండ్రి.”

“ఎందుకు?”

“అది సంతోషి.”

కొమురెల్లి రిమోట్ తీసుకుని సౌండు పెంచాడు. టీవీలో ఆడమనిషి నవ్వింది. సదానందం నవ్వాడు. పాట మొదలైంది. కొమురెల్లి కాగితాలు వదిలేశాడు.

“సంతోషేనా?”

“నిన్న రాత్రి ఇదే పేరుతోని, ఇదే గొంతుతోని నాకు చేసి చూపెట్టింది. ఇది స్టాకు. ఆయన అక్కడ లేడు.”

కొమురెల్లి టీవీని కొద్దిసేపు చూశాడు. తర్వాత బయటికి వెళ్లి జీపు తీయమని కేకేశాడు. అతనే స్టీరింగు పట్టాడు.

స్టూడియోకు బయటి నుంచి తాళం వేసి ఉంది. పగలగొట్టారు. బల్ల ఉంది. కుర్చీ ఖాళీ. లైట్లు ఆర్పి ఉన్నాయి. పక్కింటివాళ్ల టీవీలో సదానందం మాట్లాడుతున్నాడు. వాళ్లు తలుపు దగ్గరికి వచ్చి ఒకసారి పోలీసులను, ఒకసారి లోపలి టీవీని చూశారు. కంట్రోల్ రూముకు కూడా తాళం ఉంది. లోపల కంప్యూటర్ ఒక్కటే నడుస్తోంది.

ముత్యం ఫోను రెండున్నరకు వచ్చింది. సంతోషి ఉదయం కూతురిని బడిలో దింపి ఇంటికి వచ్చింది. తొమ్మిదిన్నరకు ఆమెకు ఫోను వచ్చింది. సదన్న రికార్డింగుకు పిలుస్తున్నడు, పోకపోతె అనుమానపడుతడు, పోయి జల్ది వస్త అని తల్లికి చెప్పి స్కూటీ మీద వెళ్లింది. ఇంకా రాలేదు.

నాలుగు గంటలకు కొమురెల్లి ఆసిఫ్‌ను కోర్టుకు తీసుకుపోలేదు. వదిలిపెట్టనూ లేదు. రాసిచ్చే మనిషి వచ్చినంక చూద్దాం అన్నాడు. కుబ్రా బేగం మెట్ల మీద నుంచి లేవలేదు.

అయిదూ ఇరవైకి నస్పూర్ వైపు నుంచి వస్తున్న లారీ డ్రైవరు ఒకడు చెక్‌పోస్టు దగ్గర ఆగి, బ్రిడ్జి మీద ఎవరిదో బండి ఉందని చెప్పాడు. పోలీసులు వెళ్లి చూశారు. గోదావరి బ్రిడ్జి మీద, నడి మధ్యలో, రెయిలింగు పక్కన సంతోషి స్కూటీ స్టాండు వేసి ఉంది. తాళం చెవి దానికే ఉంది. చున్నీ హ్యాండిలుకు కట్టి ఉంది, చూసినవాళ్లు దూకిందనుకునేట్టు.